లాటిన్ మొదలుపెట్టాలంటే తెలుగు ఆపేయాలా? (క్లాసికల్ క్రిస్టియన్ హోమ్‌స్కూల్, 8, 11 ఏళ్ళ పిల్లలు)

ఫ్రిస్కో_అమ్మ:

అందరికీ వందనాలు. మేం డాలస్ పక్కన ఉంటాం. పాపకి 8, బాబుకి 11. ఇద్దరూ ఇప్పుడు పబ్లిక్ స్కూల్లో చదువుతున్నారు. వచ్చే ఆగస్టు నుంచి ఇంట్లోనే క్లాసికల్ క్రిస్టియన్ పద్ధతిలో చదివిద్దామని మా ఇద్దరి నిర్ణయం. ఆంగ్ల రచయిత్రి డోరతీ సేయర్స్ 1947లో ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన ప్రసంగం చదివాను. ట్రివియం అంటే ఏమిటో, చిన్నప్పుడు వ్యాకరణం, తర్వాత తర్కం, ఆ తర్వాత వాక్చాతుర్యం అనే మెట్లు ఏమిటో అర్థమయ్యాయి. ఆచరణలోకి వచ్చేసరికి కొన్ని చోట్ల ఆగిపోయాం.

లాటిన్ మాకెవరికీ రాదు. పాప తెలుగు గుణింతాల దగ్గరుంది, బాబు కూడబలుక్కుని తెలుగు బైబిలు చదువుతాడు. ఇక్కడి హోమ్‌స్కూల్ తల్లులు "రెండూ ఒకేసారి వద్దు, ఓ రెండేళ్ళు తెలుగు పక్కన పెట్టండి" అంటున్నారు. నిజంగా పెట్టాలా? ఇంకోటి, పుస్తకాల నిండా జూస్, అథీనా లాంటి గ్రీకు దేవతల కథలే. సంఘంలో పెద్దవాళ్ళు అడిగితే ఏం చెప్పాలి? స్కూలు మాన్పించడానికి ఏ కాగితాలు కావాలి, రోజుకి ఎన్ని గంటలు కూర్చోబెట్టాలి అన్నది కూడా చెప్పండి.

విభక్తి_మాస్టారు:

సిస్టర్, తెలుగు ఆపకండి. ఇంగ్లీషు మీదుగా లాటిన్ నేర్చుకునే పిల్లలకి మొదటి ఏడాది అంతా ఏది ఎక్కువ కష్టమో, అది మీ పిల్లలకి ముందే తెలుసు. ఈ వాక్యం చూడండి:

అగ్రికొల పుఎల్లమ్ వొకత్.
రైతు అమ్మాయిని పిలుస్తాడు.

మూడు మాటలకి మూడు మాటలు, అదే వరుస. 'పుఎల్ల' చివర చేరిన 'మ్' మన 'ని' చేసే పనే చేస్తుంది. "పుఎల్లమ్ అగ్రికొల వొకత్" అని తిప్పి రాసినా, "అమ్మాయిని రైతు పిలుస్తాడు" అన్నట్టే, అర్థం మారదు. ఇంగ్లీషులో మాటలు అటూ ఇటూ మారిస్తే పిలిచేది అమ్మాయి అయిపోతుంది. అందుకే అక్కడి పిల్లలకి విభక్తి అనేది ఒకటుందని నమ్మించడానికే నెలలు పడుతుంది. 'వొకత్' అనే ఒక్క మాటలోనే 'పిలుస్తాడు' ఉంది, 'అతను' అని విడిగా చెప్పక్కర్లేదు. ఇదీ మనకి అలవాటే.

పాపకి మొదటి పట్టిక:

పుఎల్ల (అమ్మాయి), పుఎల్లై (అమ్మాయి యొక్క), పుఎల్లై (అమ్మాయికి), పుఎల్లమ్ (అమ్మాయిని), పుఎల్లా (అమ్మాయితో, అమ్మాయి చేత, అమ్మాయి నుంచి).

మొదటిదీ చివరిదీ హ్రస్వ దీర్ఘాల తేడానే. ఇంగ్లీషులో రాస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి అక్షరం మీద గీత పెట్టి చూపిస్తారు. గుణింతాలు నేర్చుకుంటున్న పిల్లకి ఆ తేడా చెవికి ఇట్టే తెలుస్తుంది. మొదటి నెల పట్టికలు తెలుగు అక్షరాల్లో కూడా రాయించండి. ఆమె గుణింతాలకి అది అదనపు అభ్యాసం.

వారానికి నాలుగు రోజులు, రోజుకి 20 నిమిషాలు చాలు. 5 నిమిషాలు పాత పట్టిక గట్టిగా వల్లించడం, 5 నిమిషాలు కొత్త మాటలు (వారానికి 8 నుంచి 10, అంతకు మించొద్దు), 10 నిమిషాలు రెండు మూడు వాక్యాలు. ఈ చివరి పది నిమిషాలు మానేసి వల్లెవేయించడంతో సరిపెట్టే ఇళ్ళు చాలా ఉంటాయి. అలా పెరిగిన పిల్లలు ఐదు పట్టికలు గడగడా అప్పజెప్పి, చిన్న వాక్యం దగ్గర నీళ్ళు నములుతారు.

ఎక్కడ తప్పులొస్తాయో ముందే తెలిస్తే సగం పని అయినట్టే.

మన విభక్తుల సంఖ్యల్ని లాటిన్ మీద అతికించొద్దు. మన పట్టికలో 'కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్' అన్నీ షష్ఠి కిందే ఉన్నాయి. లాటిన్‌లో 'యొక్క' వేరు, 'కి' వేరు. అటువైపు మన తృతీయ, పంచమి కలిపి లాటిన్‌లో ఒకే గడిలో కూర్చుంటాయి. కాబట్టి ప్రథమ, ద్వితీయ అని కాకుండా 'ని గడి', 'కి గడి', 'యొక్క గడి', 'తో-నుంచి గడి' అని పేర్లు పెట్టండి.

రెండో తప్పు తెలుగు పిల్లలకే ప్రత్యేకం. మనం 'పుస్తకం చదివాడు' అంటాం, 'పుస్తకాన్ని' అని ప్రతిసారీ అనం. ప్రాణం లేని వాటికి 'ని' వదిలేయడం మన అలవాటు. అందుకని 'పుఎర్ లిబ్రుమ్ లెగిత్' (కుర్రాడు పుస్తకం చదువుతాడు) అని రాయాల్సిన చోట 'లిబెర్' అని రాస్తారు. లాటిన్‌లో ప్రాణం ఉన్నా లేకపోయినా ఆ గుర్తు పడాల్సిందే. తెలుగు వాక్యాన్ని ముందు 'పుస్తకాన్ని చదువుతాడు' అని పూర్తిగా చెప్పించి, ఆ తర్వాతే లాటిన్ రాయించండి.

విశేషణాల దగ్గర మన భాష సాయం చేయదు. 'మంచి రాజు, మంచి రాణి' అంటాం, 'మంచి' మారదు. లాటిన్‌లో రాణికి 'రేగీన బొన', రైతుకి 'అగ్రికొల బొనుస్'. రైతు అనే మాట 'అ'తో ముగిసినా పుంలింగమే కాబట్టి 'బొనుస్'. ప్రాస కుదిరిందా అని కాదు, లింగం, వచనం, విభక్తి కలిశాయా అని చూడమనండి.

బాబు మాటల కార్డు మీద ప్రతి నామవాచకానికీ రెండు రూపాలు రాయాలి: రేక్స్, రేగిస్ (రాజు, రాజు యొక్క). మీలెస్, మీలితిస్ (సైనికుడు). రెండోది రాయకపోతే మూడో రకం నామవాచకాల దగ్గర బండి ఆగిపోతుంది, ఎందుకంటే మిగతా రూపాలన్నీ రెండోదాని మీదే కడతారు. 'ఎందుకు రెండు?' అని అడిగితే ఇల్లు-ఇంటి, ఏరు-ఏటి, నాగలి-నాగటి చూపించండి. 'ఇల్లుకి' అనం, 'ఇంటికి' అంటాం. విభక్తి చేరేముందు మాట రూపం మారే మన ఔపవిభక్తికాలే ఇవి.

ఉచ్చారణ రెండు రకాలు: చర్చి పద్ధతి, ప్రాచీన పద్ధతి. ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడండి, వాడే ఆడియోలన్నీ ఒకే పద్ధతివై ఉండాలి. నేను పైన రాసింది ప్రాచీన పద్ధతి. చర్చి పద్ధతిలో 'పుఎల్లై' కాస్తా 'పుఎల్లే' అవుతుంది, 'కైసర్' కాస్తా 'చేజర్' అవుతుంది. ఛందస్సు దాకా వెళ్ళే ఉద్దేశం ఉంటే ప్రాచీనమే మేలు, దీర్ఘాలు నిలబడతాయి. మన బైబిల్లో ఉన్నది 'కైసరే' కాబట్టి పిల్లలకి కొత్తగానూ ఉండదు.

గ్రీకు ఇప్పుడే ముట్టుకోకండి. లాటిన్ రెండేళ్ళు గడిచాక చూద్దురుగాని.

ప్లేనో_నాన్న:

కాగితాల సంగతి. టెక్సస్‌లో హోమ్‌స్కూల్‌ని ప్రైవేటు స్కూలుగానే చూస్తారు. 1994లో లీపర్ కేసులో రాష్ట్ర సుప్రీం కోర్టు తేల్చిన విషయం ఇది. పాఠాలు నిజంగా జరగాలి, రాతలో గానీ తెర మీద గానీ పాఠ్యక్రమం ఉండాలి, అందులో చదవడం, స్పెల్లింగ్, వ్యాకరణం, గణితం, పౌర బాధ్యత ఈ ఐదూ ఉండాలి. సైన్సు, చరిత్ర ఈ జాబితాలో లేవని మానేయకండి, అది చట్టం అడిగే కనీసం మాత్రమే.

పిల్లల్ని ఊరికే పంపడం మానేయొద్దు, గైర్హాజరు కింద రాసుకుంటారు. ఫలానా తేదీ నుంచి ఇంట్లో చదివిస్తున్నాం అని, తల్లిదండ్రుల సంతకంతో, స్కూలుకి ఉత్తరం ఇవ్వండి. ఈమెయిల్ అయితే కాపీ దాచుకోండి. ఇది టెక్సస్ మాట. వేరే రాష్ట్రంలో ఉండి చదువుతున్నవాళ్ళు దీన్నే పట్టుకోకండి. న్యూయార్క్‌లో ఒక్కో బిడ్డకీ ముందే ప్రణాళిక రాసివ్వాలి, మూడు నెలలకోసారి నివేదిక పంపాలి. పెన్సిల్వేనియాలో ప్రమాణపత్రం, ఏడాది చివర మూల్యాంకనం ఉంటాయి.

గంటలు: 8 ఏళ్ళ పాపకి మూడు గంటలు దాటనివ్వకండి. బైబిలు, కంఠత వాక్యాలు 20 నిమిషాలు, గణితం 40, ఇంగ్లీషు చదువు-రాత 40, లాటిన్ 20, తెలుగు 20, చరిత్ర ఒకరోజు సైన్సు ఒకరోజు 30 నిమిషాలు. బాబుకి నాలుగున్నర గంటలు. లాటిన్ తర్వాత వెంటనే తెలుగు పెట్టకండి, మధ్యలో గణితం గానీ ఆట గానీ పడాలి. లేకపోతే రెండు భాషల ముగింపులూ కలిసిపోతాయి.

చరిత్ర ఇద్దరికీ ఒకే కాలం చెప్పండి. ఎక్కువమంది నాలుగేళ్ళ చక్రం వాడతారు: ప్రాచీనం, మధ్యయుగం, 1600 నుంచి 1850 వరకు, ఆ తర్వాత ఇప్పటిదాకా. గోడ మీద కాలరేఖలో రోము పక్కనే శాతవాహనుల్ని కూడా పెట్టండి. మొదటి శతాబ్దపు గ్రీకు నావికుడి గ్రంథం పెరిప్లస్‌లో 'మసాలియా' అని మన మచిలీపట్నం తీరం కనిపిస్తుంది, అక్కడ తయారయ్యే మస్లిన్ బట్టల ప్రస్తావన ఉంది. పౌలు ప్రయాణాల కాలానికి మన తీరానికి ఆ ఓడలు వస్తూ పోతూ ఉన్నాయని పిల్లలకి మ్యాపు మీద చూపించవచ్చు.

కంఠస్థం నిలబడాలంటే పెట్టె పద్ధతి మంచిది. కార్డులు పట్టే ఒక పెట్టె, అందులో 41 అడ్డ అట్టలు: 'ప్రతిరోజు' ఒకటి, 'సరి' 'బేసి' రెండు, వారాల పేర్లతో ఏడు, 1 నుంచి 31 వరకు తేదీలు. కొత్త వాక్యం గానీ పట్టిక గానీ 'ప్రతిరోజు'లో పడుతుంది. తడబడకుండా చెప్పగలిగితే సరి-బేసిలోకి, అక్కణ్ణుంచి వారంలోకి, చివరికి తేదీలోకి. రోజూ తీసేది నాలుగు చోట్ల నుంచే, పది నిమిషాల్లో అయిపోతుంది. వెనక్కి తిరిగి చూడకుండా వారం వారం కొత్తవి ఎక్కిస్తూ పోతే క్రిస్మస్ నాటికి మొదటి నెలవి ఒక్కటీ మిగలవు.

లాటిన్ కీర్తనలు కూడా కంఠస్థం చేయిస్తే అంకెల దగ్గర జాగ్రత్త. వల్గేట్‌లో (పాత లాటిన్ బైబిల్లో) 9, 10 కీర్తనలు కలిసి ఒకటే, కాబట్టి మన 23వ కీర్తన అక్కడ 22. చివరి మూడు కీర్తనలకి వచ్చేసరికి అంకెలు మళ్ళీ కలుస్తాయి.

మొదటి ఏడాదే అన్ని కంపెనీల పుస్తకాలూ కొనకండి. లాటిన్‌కి ఒకటి, గణితానికి ఒకటి, ఇంగ్లీషుకి ఒకటి. మిగతావి లైబ్రరీ నుంచి. క్లాసికల్ కన్వర్సేషన్స్ లాంటి వారానికొకసారి కలిసే గుంపులో చేరదామనుకుంటే ఒకటి గమనించండి: చిన్నపిల్లల తరగతిలో తల్లో తండ్రో ఆ రోజు పక్కనే కూర్చోవాలి, దింపేసి వెళ్ళడం కుదరదు. ఏడాదికి 24 వారాలు.

గోదావరి_రూతు:

జూస్ కథల ప్రశ్నకి నేను చెప్తాను సిస్టర్, సంఘంలో ఇదే ఎక్కువ అడుగుతారు.

అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయం తీయండి. లుస్త్రలో జనం బర్నబాని ద్యుపతి అనీ, పౌలుని హెర్మే అనీ పిలిచి ఎడ్లు, పూదండలు తెస్తారు. ద్యుపతి అంటే జూసే. అంత తొందర ఎందుకు? ఇద్దరు దేవుళ్ళు మారువేషాల్లో ఆ ప్రాంతానికి వచ్చారనీ, గుర్తించి ఆదరించిన ముసలి దంపతులు తప్ప ఊరంతా నాశనమైందనీ రోమన్ కవి ఓవిడ్ రాసిన కథ ఒకటుంది. పండితులు ఈ రెంటినీ ముడిపెడతారు. ఆ కథ తెలిసిన పిల్లవాడికి ఆ అధ్యాయంలో జనం భయం అర్థమవుతుంది. 19వ అధ్యాయంలో అర్తెమిదేవి గొడవ కూడా అంతే. ఏథెన్సులో పౌలు వాళ్ళ కవుల మాటనే ఎత్తి చెప్పాడు (17:28), తీతు పత్రికలో క్రేతు కవిని ఉదాహరించాడు (1:12). దానియేలు కల్దీయుల విద్య నేర్చాడు. పెద్దవాళ్ళు వాక్యం అడుగుతారు కాబట్టి ఇవి చెప్పండి. చదవడం వేరు, మొక్కడం వేరు.

అయితే వరుస ముఖ్యం. పాపకి ముందు ఆదికాండం నుంచి రాజుల వరకు కథలు గట్టిగా ఎక్కాలి, ఆ తర్వాతే గ్రీకు కథలు, అవీ పిల్లల కోసం తిరిగి చెప్పిన పుస్తకాల్లోవే. హోమర్ పూర్తి పాఠం 13, 14 ఏళ్ళకి చాలు. కథ అయ్యాక రెండు ప్రశ్నలు: ఈ దేవుడికి కోపం ఎందుకొచ్చింది? మన దేవుడికి కోపం వచ్చేది దేనికి? పిల్లలే తేడా చెప్తారు, మీరు ప్రసంగం చేయక్కర్లేదు.

ఇంకో మాట. జూస్‌ని ఊరి ఊరంతా కొలిచే రోజులు పోయాయి. రామాయణ భారతాలు అలా కాదు, మన పక్కింటివాళ్ళూ, మన బంధువులూ కొలిచే దేవుళ్ళ కథలు. అవి చెప్పేటప్పుడు మర్యాద తప్పకూడదు. వెక్కిరింపు మాట పిల్లల నోట రానివ్వకండి.

తెలుగు గంటకి ఏం చేయాలి అంటే, మన పాత తెలుగు క్లాసులో జరిగేదే అచ్చమైన వ్యాకరణ మెట్టు: పద్యం చదవడం, పదవిభాగం, అన్వయం, ప్రతిపదార్థం, తాత్పర్యం. పాపకి వారానికి ఒక సుమతీ పద్యమో వేమన పద్యమో, ఏడాదికి 30. బాబుకి జాషువా గారి 'క్రీస్తు చరిత్ర' తెప్పించండి, 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిన కావ్యం. నెలకి రెండు పద్యాలు చాలు. అన్వయం మాత్రం వదలొద్దు. పద్యంలో చెల్లాచెదురుగా ఉన్న మాటల్ని వాక్యంలా వరుసలో పెట్టడం అలవాటైతే లాటిన్ కవిత్వం చదివేటప్పుడు చేయాల్సిందీ అదే.

ఫ్రిస్కో_అమ్మ:

చాలా చాలా థాంక్సండీ. ఇంకో రెండు. బాబుకి 11 కదా, వ్యాకరణం మెట్టు దాటేశాడా? తర్కం పుస్తకం ఇప్పుడే కొనాలా? రెండోది, మూడు నాలుగేళ్ళలో ఇండియా వెళ్ళిపోవచ్చు. అప్పుడు చదువు ఎలా?

విభక్తి_మాస్టారు:

లాటిన్‌లో వాడు పాపతోపాటు ఒకటో మెట్టు మీదే ఉన్నాడు, వయసు సంగతి వదిలేయండి. కాకపోతే వేగం రెట్టింపు ఉంటుంది: రోజుకి 35 నిమిషాలు, వారానికి 15, 20 మాటలు. ఏటా వసంతకాలంలో జరిగే నేషనల్ లాటిన్ ఎగ్జామ్, 40 బహుళైచ్ఛిక ప్రశ్నలు, ఇంట్లో చదివేవాళ్ళూ రాయొచ్చు. ఏడాది చివర ఒక గురి ఉంటుంది.

తర్కం పుస్తకం 13 దాకా ఆగొచ్చు. ఇప్పుడు రాత మీద పెట్టండి. ప్రొజిమ్నాస్మటా అని గ్రీకు-రోమన్ బడుల్లో వాడిన 14 అభ్యాసాల వరుస ఉంది. మొదటిది నీతికథ, రెండోది కథనం, మూడోది ఒకరి మాటనో పనినో తీసుకుని విస్తరించడం, నాలుగోది సామెత. నాలుగోదానికి మన సామెతలే వాడండి. ఉదాహరణకి 'నోరు మంచిదైతే ఊరు మంచిది' తీసుకుంటే ఎనిమిది ముక్కలు రాయాలి: సామెతని మెచ్చుకోవడం, సొంత మాటల్లో చెప్పడం, కారణం, దానికి వ్యతిరేకంగా జరిగితే ఏమవుతుందో, ఒక పోలిక, ఒక ఉదాహరణ, పెద్దల సాక్ష్యం, చిన్న ముగింపు. సాక్ష్యం దగ్గర యాకోబు పత్రిక 3వ అధ్యాయం ఉండనే ఉంది. ఒక్కో ముక్క రెండు మూడు వాక్యాలు, వారం మొత్తానికి ఒక సామెత. పిల్లలు ఎక్కువగా గల్లంతయ్యేది పోలిక, ఉదాహరణల దగ్గర. ఉదాహరణ అంటే నిజంగా జరిగింది, పేరుతో సహా చెప్పాలి: అబీగయీలు తన మాటతో దావీదు కోపం చల్లార్చడం. పోలిక అంటే వేరే జాతి వస్తువుతో సరిపోల్చడం. కలిపి రాస్తే వెనక్కి ఇచ్చేయండి.

ఛందస్సు గురువు లఘువులు ఇప్పుడే మొదలుపెట్టండి, అది లాటిన్‌కి నేరుగా పనికొస్తుంది. రోమన్ కవి వర్జిల్ కావ్యం 'ఈనియడ్' మొదటి పాదం ఇదిగో:

అర్మ వి | రుంక్వె క | నో త్రో | యై క్వీ | ప్రీము స | బోరీస్

గణాలు కట్టమనండి: భ, భ, గగ, గగ, భ, గగ. ఈ ఛందస్సులో ఆరు గణాలు. మొదటి నాలుగూ భగణం గానీ గగం గానీ, ఐదోది దాదాపు ఎప్పుడూ భగణం, ఆరోది రెండక్షరాలు. సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు అన్న మన సూత్రం ఇక్కడా చెల్లుతుంది. అచ్చు మీద అచ్చు వస్తే ముందుది పోవడం కూడా మన సంధి లాంటిదే: మూడో పాదంలో 'ముల్తుమ్ ఇల్లె ఎత్' అని రాసి 'ముల్తిల్లెత్' అని చదువుతారు. చివరి 'ఉమ్' కూడా పోతుంది, అది మనకి కొత్త.

ఒక చోట తెలుగు లిపి మోసం చేస్తుంది. 'క్వ' మనకి సంయుక్తాక్షరం, లాటిన్‌లో ఒకే హల్లు కింద లెక్క. 'అక్వ' (నీరు) అని రాసి మన సూత్రం పెడితే 'అ' గురువు అవుతుంది, కానీ అది లఘువే. దీన్ని మొదటి రోజే చెప్పేయండి.

హైదరాబాద్_ఓపెన్‌స్కూల్:

ఇండియా విషయం. తిరిగొచ్చాక ఇంట్లోనే కొనసాగిస్తే పదో తరగతికి ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్) దారి ఉంది. కనీసం 14 ఏళ్ళు నిండాలి, ఐదు సబ్జెక్టులు, అందులో కనీసం ఒకటి భాష, ఒక్కోదాంట్లో 33 శాతం రావాలి. రిజిస్ట్రేషన్ ఐదేళ్ళు చెల్లుతుంది, ఒక్కో సబ్జెక్టు విడిగా రాసుకోవచ్చు. భాషగా తెలుగు తీసుకోవచ్చు. పుట్టిన తేదీ సర్టిఫికెట్ మీద పేరు, పాస్‌పోర్టు మీద పేరు ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. ఇంటిపేరు ముందు ఒకచోట, వెనక ఒకచోట ఉంటే అడ్మిషన్ దగ్గర తిరగాల్సి వస్తుంది.

బడిలో వేద్దామనుకుంటే, తెలంగాణలో 2018 చట్టం ప్రకారం ఒకటి నుంచి పది వరకు ఏ బోర్డు బడిలోనైనా తెలుగు తప్పనిసరి. అమెరికాలో తెలుగు రెండేళ్ళు వదిలేసి వచ్చిన పిల్లలు ఎనిమిదో తరగతిలో అక్షరాల దగ్గర మొదలుపెట్టాల్సి వస్తుంది. బాబు ఇప్పుడు కూడబలుక్కుని చదువుతున్నాడు కాబట్టి చదవడంతో పాటు రోజూ ఐదు లైన్లు చూచిరాత, వారానికి ఒకసారి ఉక్తలేఖనం పెట్టండి. ఒత్తులు, అలాగే ళ-ల, ణ-న, శ-ష-స తేడాలు చెవితో విని రాసినప్పుడే పట్టుబడతాయి.

మీరిచ్చిన పాఠాల జాబితా, చదివిన పుస్తకాలు, చేసిన పరీక్షల కాగితాలు ఏడాదికొక ఫైలు పెట్టుకోండి. టెక్సస్ అడగదు, ఇక్కడి ప్రిన్సిపాల్ మాత్రం ముందు అడిగేది అదే.

ప్లేనో_నాన్న:

ఫైలు అన్నారు కాబట్టి: స్కూలుకి ఉత్తరం ఇచ్చే రోజే ఇద్దరి మార్కుల కార్డులు, టీకాల రికార్డు కాపీలు కూడా అడిగి తీసుకోండి. వేసవి సెలవుల్లో ఆఫీసు మూసి ఉంటుంది, మే నెలలోనే పని పూర్తిచేసుకోండి.